249 గ్రాముల డ్రోన్‌కూ అనుమతి కావాలా?

ప్రశ్న: నేను, నా భార్య వచ్చే వేసవిలో స్పెయిన్, ఇటలీ చూసి, తిరిగి స్పెయిన్ మీదుగా నాలుగు రోజులు మొరాకో వెళ్లి రావాలనుకుంటున్నాం. ఏడాది చివర్లో జపాన్ ప్రయాణం కూడా ఉంది. నా దగ్గర 249 గ్రాముల కెమెరా డ్రోన్ ఉంది. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు ఏ దేశంలోనూ అనుమతి అక్కర్లేదని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నాడు. తీసిన వీడియోలను యూట్యూబ్‌లో పెడుతుంటాను. నిజంగా అనుమతి కావాలా? కావాలంటే ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి? అక్కడ పోలీసులు ఆపితే ఏం చేయాలి?

సమాధానం: మీ మిత్రుడి మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ కొంత నిజాన్నే నమ్ముకొని బయలుదేరితే, మీరు చెప్పిన నాలుగు దేశాల్లో ఒక్కచోట కూడా అది మిమ్మల్ని పూర్తిగా కాపాడదు. డ్రోన్ 250 గ్రాముల లోపు ఉంటే కొన్ని దేశాల్లో పరీక్ష రాయనక్కర్లేదు, కొన్నిచోట్ల మనుషుల నుంచి పాటించవలసిన దూరం తగ్గుతుంది. అంతకు మించి ఆ అంకెకు ప్రపంచమంతటా చెల్లుబాటు లేదు. స్పెయిన్, ఇటలీల్లో డ్రోన్ ఎంత తేలికదైనా సరే, దానికి కెమెరా ఉందంటే ఎగరేసేవారు తమ పేరు నమోదు చేయించుకోవాలి. జపాన్‌లో లెక్క 250 నుంచి కాదు, 100 గ్రాముల నుంచే మొదలవుతుంది. ఇక మొరాకోలోకి ముందుగా అనుమతి పొందకుండా డ్రోన్‌ను తీసుకెళ్లడమే కుదరదు. అక్కడ బరువు ప్రసక్తే రాదు.

దేశానికో తీరుగా ఇన్ని నిబంధనలు ఎందుకున్నాయో తెలిస్తే, ఎవరిని అడగాలన్నది కూడా సులువుగా బోధపడుతుంది. 1944 డిసెంబరు 7న చికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలో మొదటి అధికరణమే, ప్రతి దేశానికీ తన భూభాగం మీది గగనతలంపై సంపూర్ణ సార్వభౌమాధికారం ఉందని చెబుతుంది. పైలట్ లేని విమానం ఏదైనా ఆ దేశం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప దాని మీదుగా ఎగరకూడదని 8వ అధికరణం, తన భూభాగం మీద విమానాల నుంచి ఫొటోలు తీయడాన్ని ప్రతి దేశమూ నిషేధించవచ్చు లేదా నియంత్రించవచ్చు అని 36వ అధికరణం చెబుతాయి. అరచేతిలో ఇమిడే డ్రోన్ ఒకటి వస్తుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు గానీ, నేటికీ ప్రభుత్వాలు దాన్ని చూసే తీరుకు మూలం అక్కడే ఉంది. మీ కంటికి అది కెమెరా. సరిహద్దు అధికారి కంటికి అది ఒక విదేశీయుడు నడిపే పైలట్ లేని విమానం. ప్రయాణ వీడియోలు చేసుకుంటూ దేశాలు తిరుగుతున్న ఒక ఆస్ట్రేలియా జంట 2019లో ఇరాన్‌లో డ్రోన్ ఎగరేసి అరెస్టయి, నెలల తరబడి జైల్లో ఉండవలసి వచ్చింది. మిమ్మల్ని భయపెట్టాలని ఈ సంగతి చెప్పడం లేదు. అనుమతి విషయాన్ని ప్రయాణం చివర్లో చూసుకునే చిల్లర పనిగా పెట్టుకోవద్దని చెబుతున్నాను.

అనుమతి అంటే ఒకే కాగితం అనుకోవద్దు. ఒక దేశంలో డ్రోన్ ఎగరేయాలంటే నాలుగు వేర్వేరు ప్రశ్నలకు నలుగురు వేర్వేరు మనుషుల దగ్గర జవాబు దొరకాలి. డ్రోన్‌ను ఆ దేశంలోకి తేనిస్తారా అన్నది కస్టమ్స్ వారు చెప్పాలి. నడిపే వ్యక్తీ డ్రోనూ నమోదై ఉండాలా, పరీక్ష ఏదైనా ఉందా అన్నది పౌర విమానయాన సంస్థ చెప్పాలి. మీరు ఎగరేయదలచిన రోజున, ఆ చోట గగనతలంలో ఆంక్షలు ఉన్నాయా అన్నది అధికారిక మ్యాపులో చూసుకోవాలి. ఇవన్నీ సరిపోయాక, మీరు నిలబడి డ్రోన్‌ను పైకి లేపే నేల ఎవరిది, వారు ఒప్పుకుంటారా అన్నది మిగులుతుంది. చాలామంది రెండో ప్రశ్నకు జవాబు దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. దాంతో మొదటి ప్రశ్న విమానాశ్రయంలోను, నాలుగో ప్రశ్న కాపలాదారు ఎదుటా వారికి తగులుతుంది. అందువల్ల టికెట్లు కొనడానికి ముందే కస్టమ్స్ సంగతి తేల్చుకోండి, మిగిలినవాటికి కనీసం మూడు నెలల సమయం పెట్టుకోండి.

మీ ప్రయాణంలో ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయే దేశం మొరాకో. ముందస్తు అనుమతి పత్రం లేనిదే డ్రోన్‌ను దేశంలోకి తేకూడదన్న నిబంధన అక్కడ 2015 నుంచి అమల్లో ఉంది. అలాంటి పత్రం సినిమా చిత్రీకరణకు వచ్చే సంస్థలు సంపాదించుకోగలవేమో గానీ, నాలుగు రోజుల పర్యాటకుడికి దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. విమానంలో దిగినా, ఫెర్రీలో దిగినా సామాను ఎక్స్‌రేలో డ్రోన్ కనిపిస్తే అధికారులు తీసి పక్కన పెడతారు. రసీదు తీసుకొని తిరుగు ప్రయాణంలో దాన్ని వెనక్కి పుచ్చుకోవచ్చునన్న ధీమాతో వెళ్లేవారు ఉన్నారు. దిగేది ఒక ఊళ్లో, బయలుదేరేది మరో ఊళ్లో అయితే ఆ ధీమా ఎందుకూ పనికిరాదు. రెక్కలు విప్పి, భాగాలు విడదీసి బట్టల మధ్య సర్దుకోమని సలహా ఇచ్చేవారి మాట అసలే వినవద్దు. పట్టుబడిన రోజున అది పొరపాటున తెచ్చిన వస్తువుగా కాక, దాచి తెచ్చిన వస్తువుగా లెక్కకు వస్తుంది. ఆ నాలుగు రోజులూ డ్రోన్‌ను స్పెయిన్‌లో మీరు దిగిన హోటల్ వారి సామాను గదిలో, తాళం వేసిన పెట్టెలో వదిలి వెళ్లండి. ఇదే జాగ్రత్త ఈజిప్టు, క్యూబా, నికరాగువా వెళ్లేవారికీ అవసరం. ఈజిప్టులో 2017లో చేసిన చట్టం ప్రకారం రక్షణ మంత్రిత్వ శాఖ అనుమతి లేకుండా డ్రోన్‌ను కలిగి ఉండటమే నేరం.

స్పెయిన్, ఇటలీల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. నాకు తెలిసినంతలో విదేశీ పర్యాటకుడికి దారి ఇంత స్పష్టంగా చూపించే ప్రాంతం మరొకటి లేదు. 2020 డిసెంబరు 31 నుంచి ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో డ్రోన్లకు ఉమ్మడి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ వాటినే పాటిస్తాయి. 2023 జనవరి 1 నుంచి స్విట్జర్లాండ్ కూడా వాటిలో చేరింది. సమాఖ్య బయటి నుంచి వచ్చేవారు తాము మొట్టమొదట డ్రోన్ ఎగరేయబోయే దేశంలో డ్రోన్ ఆపరేటర్‌గా నమోదు కావాలి. మీ విషయంలో అది స్పెయిన్ కాబట్టి, అక్కడి విమాన భద్రతా సంస్థ ఏఈఎస్ఏ వెబ్‌సైటులో పాస్‌పోర్టు వివరాలతో నమోదు చేసుకోవాలి. అక్కడ ఇచ్చే ఆపరేటర్ నంబరు ఇటలీలోనూ చెల్లుతుంది. ఎందుకైనా మంచిదని ఇటలీలో రెండోసారి నమోదు కావద్దు, ఒక వ్యక్తి ఒక దేశంలోనే నమోదై ఉండాలన్నది నిబంధన.

నంబరు వచ్చాక చేయవలసిన చిన్న పని ఒకటుంది, దాన్ని తప్పుగా చేసేవారే ఎక్కువ. దేశపు సంకేతాక్షరాలతో మొదలయ్యే ఆ పొడవాటి నంబరు చివర, అడ్డగీత తర్వాత మూడు అక్షరాలు ఉంటాయి. అవి రహస్యం. డ్రోన్ మీద అంటించే చీటీలో అడ్డగీతకు ముందున్న భాగాన్ని మాత్రమే రాయాలి. మీ డ్రోన్‌లో రిమోట్ ఐడీ, అంటే ఎగురుతున్నప్పుడు డ్రోన్ తన నంబరును రేడియో సంకేతంగా వెలువరించే సౌకర్యం, ఉంటే యాప్‌లో నంబరు నింపేటప్పుడు మాత్రం ఆ మూడు అక్షరాలూ కలిపి ఇవ్వాలి, అవి సరిపోతేనే యాప్ నంబరును ఒప్పుకుంటుంది. చీటీ బ్యాటరీ అర లోపల ఉన్నా ఫరవాలేదు గానీ, డ్రోన్ చేతికి తీసుకున్నవారు పనిముట్లు లేకుండా చదవగలిగేలా ఉండాలి.

పరీక్ష విషయంలో మీ మిత్రుడి మాట నిజమే. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు ఐరోపాలో పరీక్ష తప్పనిసరి కాదు, తయారీదారు ఇచ్చిన సూచనలు చదివి ఉంటే చాలు. అయినా మీరు ఆ పరీక్ష రాయాలనే నా గట్టి సలహా. మనుషులకు ఎంత దగ్గరగా ఎగరవచ్చన్నదాన్ని బట్టి ఐరోపా చేసిన విభాగాల్లో ఏ1, ఏ3లకు కలిపి ఇంట్లో కూర్చునే రాయగల 40 ప్రశ్నల పరీక్ష అది. 75 శాతం వస్తే ఐదేళ్లపాటు చెల్లే పత్రం ఇస్తారు. ఆ పాఠాలు చదివితే, 120 మీటర్ల ఎత్తు అంటే మీరు నిలబడ్డ చోటు నుంచి కాదనీ, డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కొలవాలనీ తెలుస్తుంది. కొండ అంచున నిలబడి లోయ మీదుగా ముందుకు పంపినప్పుడు డ్రోన్ ఒక్క మీటరు కూడా పైకి లేవకుండానే ఆ హద్దు దాటిపోతుంది. డ్రోన్ ఎప్పుడూ మీ కంటికి కనిపిస్తూ ఉండాలనీ, జనం గుమిగూడిన చోట్ల మీదుగా ఎంత తేలిక డ్రోన్‌నైనా పంపకూడదనీ కూడా అక్కడే నేర్చుకుంటారు.

249 గ్రాములన్నది మామూలు బ్యాటరీతో కలిపి తయారీదారు చెప్పే బరువని గుర్తుంచుకోండి. ఎక్కువసేపు ఎగరడానికి అమ్మే పెద్ద బ్యాటరీ వేసినా, రెక్కల చుట్టూ రక్షణ చట్రం తగిలించినా మీ డ్రోన్ 250 దాటిపోతుంది. డ్రోన్ల తయారీ సంస్థ డీజేఐ అమ్మే మినీ 3 ప్రో అనే నమూనా మామూలు బ్యాటరీతో 249 గ్రాములే అయినా, పెద్ద బ్యాటరీతో దాదాపు 290 గ్రాములకు చేరుతుంది. అలా దాటిన డ్రోన్‌కు, అది ఏ తరగతిదో తెలిపే ఐరోపా ముద్ర లేకపోతే అది ఏ3 విభాగంలోకి వెళుతుంది, అంటే ఇళ్లు, దుకాణాలు, విహార స్థలాల నుంచి 150 మీటర్లు దూరంగా ఉండాలి. పర్యాటకుడు చూడబోయే చోట్లలో చాలావరకు దాంతోనే చేజారిపోతాయి. బయలుదేరే ముందు ఎగిరే స్థితిలో ఉన్న డ్రోన్‌ను, మెమరీ కార్డు, ఫిల్టరు, అంటించిన చీటీతో సహా తూచి చూసుకోండి.

నమోదు వల్ల దేశంలో ఎగరేసే అర్హత వస్తుందే గానీ, ప్రతి చోటా ఎగరేసే హక్కు రాదు. స్పెయిన్‌లో గగనతల రాకపోకలు చూసే ఎనైర్ సంస్థ మ్యాపు, ఇటలీలో డీ-ఫ్లైట్ మ్యాపు తెరిచి మీరు అనుకున్న ప్రతి చోటినీ ఇప్పుడే చూసుకోండి, ఎగరేసే రోజు ఉదయం మరోసారి చూడండి. రోమ్ నడిబొడ్డు, వాటికన్ పరిసరాలు మీ జాబితాలో ఉంటే ఇప్పుడే కొట్టేయండి. ఇటలీలో మరో సంగతి: డ్రోన్ ఎంత చిన్నదైనా మూడో వ్యక్తికి కలిగే నష్టానికి బీమా తప్పనిసరి. మామూలు ప్రయాణ బీమాలో డ్రోన్ వల్ల కలిగే నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తారు, కాబట్టి పాలసీ పత్రంలో డ్రోన్ అన్న మాట, ఆ దేశం పేరు స్పష్టంగా కనిపించేదాకా బీమా ఉందని అనుకోవద్దు. ఆ పత్రం తీసుకున్నాక రెండు దేశాల్లోనూ దాన్ని దగ్గర ఉంచుకోండి.

జపాన్‌కు ఇంతకంటే ఎక్కువ ఓపిక కావాలి. 2015 ఏప్రిల్‌లో టోక్యోలోని ప్రధానమంత్రి కార్యాలయం పైకప్పు మీద ఒక డ్రోన్ దొరికింది, దానిలో స్వల్పంగా రేడియోధార్మిక పదార్థం ఉన్నట్టు కనుగొన్నారు. ఆ ఏడాదే విమానయాన చట్టాన్ని సవరించి, డిసెంబరు నుంచి డ్రోన్లపై ఆంక్షలు అమలు చేశారు. 2022 జూన్ 20 నుంచి బ్యాటరీతో కలిపి 100 గ్రాములు, అంతకు మించిన ప్రతి డ్రోన్‌నూ ప్రభుత్వం నడిపే డిప్స్ అనే వెబ్‌సైటులో నమోదు చేయాలి. విదేశీ పర్యాటకులకు మినహాయింపు లేదు. నమోదు చేయని డ్రోన్ ఎగరేస్తే ఏడాది వరకు జైలు గాని, 5 లక్షల యెన్ల వరకు జరిమానా గాని పడవచ్చు. నమోదు నంబరు డ్రోన్ మీద కనిపించడంతో పాటు ఆ దేశపు పద్ధతిలో రిమోట్ ఐడీ సంకేతం కూడా వెలువడాలి, కాబట్టి మీ నమూనా దానికి పనికొస్తుందో లేదో తయారీదారుని ముందే అడగండి. జపాన్ రేడియో చట్టం ప్రకారం ఉండవలసిన ధ్రువీకరణ ముద్ర మీ డ్రోన్‌కూ రిమోట్‌కూ ఉందో లేదో కూడా అప్పుడే అడగండి, ఎందుకంటే వేరే దేశంలో కొన్న నమూనాకు అది లేకపోవచ్చు.

నమోదు అయ్యాక కూడా జనసాంద్రత ఎక్కువున్న ప్రాంతాల మీదుగా, విమానాశ్రయాల పరిసరాల్లో, నేల నుంచి 150 మీటర్లకు పైన లేదా రాత్రివేళ ఎగరేయాలంటే విడిగా అనుమతి కావాలి. దరఖాస్తు కనీసం 10 పనిదినాల ముందు చేరాలని అధికారులు చెబుతారు గానీ, వివరాలు సరిపోలేదని వెనక్కి పంపితే మళ్లీ పంపడానికి వ్యవధి ఉండాలి కాబట్టి నెల ముందే పంపడం మేలు. టోక్యో, క్యోటో, ఒసాకా నగరాల ప్రధాన భాగాలు దాదాపు పూర్తిగా ఆ జనసాంద్ర ప్రాంతాల కిందికే వస్తాయి. గుళ్ల ఆవరణల్లో, నగర పార్కుల్లో వాటి నిర్వాహకుల నిషేధాలు వేరే ఉంటాయి. ఆ నగరాల్లో డ్రోన్ ఎగరేసే ఆలోచన మానుకొని, పల్లె ప్రాంతంలో ఒకటి రెండు చోట్లు ఎంచుకొని వాటికే అనుమతులు సంపాదించుకోండి. ఒక కొండకో తీరానికో సరైన అనుమతితో వెళ్లి ప్రశాంతంగా గడిపే గంట, నగరంలో భుజాలు చూసుకుంటూ గడిపే వారం కంటే మీ వీడియోకూ మేలు చేస్తుంది.

యూట్యూబ్ సంగతి. ఐరోపా నిబంధనల్లో సరదాకు ఎగరేయడం, సంపాదనకు ఎగరేయడం అన్న తేడా లేదు. ప్రమాదం ఎంత అన్నదే కొలత. జపాన్‌లో కూడా నమోదుకు ఉద్దేశంతో పని లేదు. అయితే రేపు మీరు అమెరికా వెళితే అక్కడ ఈ తేడా పెద్దది. వీడియోల మీద ఆదాయం వచ్చే ఛానల్ కోసం ఎగరేస్తే అది వినోదం కిందికి రాదు, పార్ట్ 107 అనే నిబంధనల కింద లైసెన్సు అవసరమైన పనిగా లెక్కకు వస్తుంది. అందుకని ఏ దేశానికి రాసినా మీ ఉద్దేశాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక నేల యజమాని అనుమతి. ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే, దానికి చాలావరకు కారణం వారు రాసే ఉత్తరమే. ‘మీ ఊరికి వస్తున్నాను, డ్రోన్ ఎగరేయవచ్చా?’ అని రాస్తే కార్యాలయంలోని ఉద్యోగికి కుదరదని రాయడమే తేలిక, ఎందుకంటే ఆయన దేనికి బాధ్యత తీసుకుంటున్నాడో ఆ ఉత్తరంలో లేదు. ఇలా రాసి చూడండి: ‘నేను ఫలానా దేశపు పర్యాటకుడిని. జూన్ 14 ఉదయం 6 నుంచి 7 గంటల మధ్య, సందర్శకులు రాకముందు, మీ పరిధిలోని ఈ అక్షాంశ రేఖాంశాల వద్ద 249 గ్రాముల డ్రోన్‌ను గరిష్ఠంగా 50 మీటర్ల ఎత్తులో, 15 నిమిషాలకు మించకుండా ఎగరేయడానికి అనుమతి కోరుతున్నాను. కట్టడం మీదుగా పంపను, నదివైపే ఉంచుతాను. ఆపరేటర్ నంబరు, బీమా పత్రం, ఎగిరే దారి గీసిన మ్యాపు జతచేశాను. ఆ రోజు వీలుకాకపోతే మీకు వీలైన రోజు తెలపగలరు.’ దీన్ని వారి భాషలోకి మార్చి, కింద ఇంగ్లీషులో కూడా పెట్టి పంపండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. జవాబు రాకపోవడాన్ని అంగీకారంగా తీసుకోవద్దు. ఫోనులో సరేనన్నా, ఆ మాటను ఒక మెయిల్‌గా రాయమని అడగండి. ఆ ఉదయం విధుల్లో ఉండే కాపలాదారుకు ఆ ఫోను సంగతి తెలిసి ఉండదు.

డ్రోన్ యాప్ ఒప్పుకుంది కదా అన్న వాదన కూడా వినిపిస్తుంటుంది. నిషేధిత ప్రాంతాల్లో డ్రోన్‌ను పైకి లేవనివ్వకుండా ఆపే ఏర్పాటును డీజేఐ సంస్థ 2025 జనవరిలో అమెరికాలో తీసివేసి, హెచ్చరిక చూపించే పద్ధతికి మారింది; ఐరోపాలో ఆ మార్పు అంతకుముందే చేసింది. డ్రోన్ లేచిందంటే మోటారు పనిచేస్తోందనే అర్థం, అనుమతి ఉందని కాదు. దేశాలు హఠాత్తుగా తీసుకునే నిర్ణయాలు యాప్‌లో వెంటనే కనిపించకపోవచ్చు కూడా. 2025 జులైలో కంబోడియాతో సరిహద్దు ఘర్షణ సమయంలో థాయిలాండ్ దేశమంతటా డ్రోన్లను నిషేధించింది. అన్ని పత్రాలూ సిద్ధం చేసుకొని వెళ్లినవారు కూడా డ్రోన్‌ను పెట్టెలోనే ఉంచుకోవలసి వచ్చింది. అందుకే బయలుదేరే ముందురోజు ఆయా దేశాల విమానయాన సంస్థల ప్రకటనలు ఒకసారి చదవండి.

బ్యాటరీల గురించి మీరు అడగలేదు గానీ, విమానం ఎక్కడానికి అది కూడా ఒక అనుమతే. విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపువాటికి విమాన సంస్థను ప్రత్యేకంగా అడగనక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య అయితే అడగాలి, 160 దాటితే తీసుకెళ్లనివ్వరు. బ్యాటరీ మీద రాసి ఉన్న మిల్లీ ఆంప్ అవర్లను 1000తో భాగించి వోల్టులతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 2453 మిల్లీ ఆంప్ అవర్లు, 7.38 వోల్టులు ఉంటే దాదాపు 18.1. మీ డ్రోన్‌కు ఇబ్బంది లేదు. విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించి, ఒక్కోదాన్ని ఒక్కో సంచిలో పెట్టుకోండి. విమాన సంస్థ సంఖ్యకు కూడా పరిమితి పెట్టి ఉండవచ్చు, టికెట్ నిబంధనల్లో చూసుకోండి.

చివరగా, పోలీసులు ఆపితే. వారు పిలవగానే ముందు డ్రోన్‌ను సురక్షితంగా కిందికి దించండి, ‘ఈ ఒక్క షాట్ అయ్యాక’ అనవద్దు. పాస్‌పోర్టు, ఆపరేటర్ నంబరు, బీమా, నేల యజమాని ఇచ్చిన అనుమతి మెయిల్ ఇవన్నీ ప్రింటు తీసి ఒకే కవరులో ఉంచుకోండి. ఫోనులో వెతుకుతూ నిలబడితే, ఆ ఫోనే రిమోట్‌కు తగిలించి ఉంటుంది. కాగితాల్లో ఒక కాపీ వారి భాషలో ఉండాలి. వీడియో చూపించమంటే చూపండి, మీ అంతట మీరు చెరిపేయవద్దు, చెరిపేస్తే దాచినట్టు కనిపిస్తుంది. డ్రోన్‌ను స్వాధీనం చేసుకుంటే దాని సీరియల్ నంబరు, తీసుకున్న కార్యాలయం పేరు, తిరిగి ఎక్కడ అడగాలో రాసిన రసీదు ఇమ్మని మర్యాదగా కోరండి. స్టేషనుకు రమ్మంటే వెళ్లండి. మీకు అర్థంకాని భాషలో ఉన్న కాగితం మీద మాత్రం అనువాదకుడు వచ్చేవరకు సంతకం చేయవద్దు, మీ దేశపు రాయబార కార్యాలయానికి కబురు పెట్టే హక్కు మీకుందని చెప్పండి. ఆ కార్యాలయం అత్యవసర నంబరును కూడా అదే కవరు మీద రాసి ఉంచుకోండి.